పాముకాటు కేస్ షీట్లు: ఇద్దరు చదివితే రెండు లెక్కలు ఎందుకొస్తాయి

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ: నెల్లూరులో జనరల్ మెడిసిన్ పీజీ చేస్తున్నారు. పాముకాటు మీద థీసిస్. 2019 నుంచి 2023 వరకు కేస్ షీట్లు తీసి, కాటు పైన గుడ్డతోనో తాడుతోనో కట్టు కట్టుకుని వచ్చినవాళ్లలో కిడ్నీ దెబ్బతినడం ఎక్కువా అని చూస్తున్నారు. మీరూ మీ జూనియరూ 100 షీట్లు విడివిడిగా చదివి ఎక్సెల్‌లోకి ఎక్కించారు. కట్టు విషయంలో 92 షీట్లలో ఇద్దరి జవాబూ ఒకటే, కానీ కప్పా (ఊరికే కలిసిపోయే భాగం తీసేశాక మిగిలే ఏకీభావానికి కొలత, 1 అంటే పూర్తి ఏకీభావం) 0.39 మాత్రమే వచ్చింది. కప్పా 0.8 దాటాల్సిందేనని గైడ్ గారు అన్నారు. తేడా వచ్చిన షీట్లు కలిసి చూసుకుని, సరిచేసి మళ్లీ లెక్కేద్దామని జూనియర్ అంటున్నారు. పైగా ఒక 40 షీట్లు రికార్డు రూములో దొరకనే లేదు. ఇన్ని తలనొప్పులుంటే కేస్ షీట్లను నమ్మి థీసిస్ రాయొచ్చా అన్నది మీ చివరి ప్రశ్న.

నేను కమ్యూనిటీ మెడిసిన్ మనిషిని. ఒంగోలు, నెల్లూరు వైపు పీజీలు తెచ్చే ఇలాంటి డేటా చూడటం చాలా ఏళ్లుగా నా పనిలో భాగం. ముందు ఒక్క మాట: జూనియర్ చెప్పింది మాత్రం చేయకండి. సరిచేశాక లెక్కేసిన కప్పా ఎప్పుడూ 1కి దగ్గరగానే వస్తుంది. కూర్చుని ఒప్పుకున్నవాళ్లు ఒప్పుకున్నారని తప్ప అది ఇంకేమీ చెప్పదు. తేడాలు తేల్చుకోవాల్సిందే, కానీ కప్పా ముందు లెక్కేసి పక్కన పెట్టాక. ఆ 0.39 థీసిస్‌లో ఉండాలి.

ఇక 92 శాతం కలిస్తే 0.39 ఎందుకొచ్చిందో చూద్దాం. మీ పట్టిక ప్రకారం ఇద్దరూ ‘కట్టు ఉంది’ అన్నవి 89, ఇద్దరూ ‘లేదు’ అన్నవి 3. మీరు ఉందంటే ఆయన లేదన్నవి 4, మీరు లేదంటే ఆయన ఉందన్నవి 4. అంటే ఇద్దరూ చెరో 93 షీట్లకు ‘ఉంది’ అని వేశారు. ఇద్దరూ షీటు తెరవకుండా కళ్లు మూసుకుని అదే నిష్పత్తిలో వేసినా 0.93ని 0.93తో గుణిస్తే సుమారు 0.865, 0.07ని 0.07తో గుణిస్తే సుమారు 0.005, మొత్తం 0.87 దాకా ఊరికే కలిసిపోయేది. చదివి సంపాదించడానికి మిగిలింది 0.13. అందులో మీరు సంపాదించింది 0.05. ఆ భాగహారమే 0.39. జాకబ్ కోహెన్ 1960లో ఇచ్చిన సూత్రంలో ఉన్నది ఇంతే. దాదాపు అందరికీ ఒకే జవాబు ఉన్న అంశంలో కప్పా ఇలా పడిపోతుందని చాలామంది దాన్ని గణితం లోపంగా కొట్టిపారేస్తారు. మీ విషయంలో నేను అలా అనను. ‘ఉంది’ అన్న జవాబును విడిగా చూస్తే మీ ఇద్దరి ఏకీభావం 178 బై 186, అంటే 96 శాతం. ‘లేదు’ అన్న జవాబును విడిగా చూస్తే 6 బై 14, 43 శాతం. ఇద్దరిలో ఒక్కరైనా ‘లేదు’ అన్న షీట్లు 11 ఉంటే, ఇద్దరూ ఒప్పుకున్నవి మూడే. మీ థీసిస్‌లో పోలిక ఎవరితో? ఆ కట్టు లేనివాళ్లతోనే. పోల్చాల్సిన గుంపు ఎవరో మీ ఇద్దరికీ తేలలేదని కప్పా సరిగ్గానే చెప్పింది.

మీ ఇద్దరికీ తేడా వచ్చిన ఆ ఎనిమిది షీట్లూ బయటికి తీసి చదవండి. నా అంచనా ప్రకారం వాటిలో ఎక్కువ భాగం క్యాజువాలిటీ డాక్టరు నోట్‌లో కట్టు ప్రస్తావనే ఉండదు. వెనక ఎక్కడో నర్సు నోట్సులో ‘కట్టు విప్పబడింది’ అని ఒక ముక్క ఉంటుంది, లేదా అదీ ఉండదు. ఒకరు డాక్టరు నోట్ చూసి, ఏమీ లేదు కాబట్టి ‘లేదు’ అని వేశారు. ఇంకొకరు నర్సు నోట్సు దాకా వెళ్లి ‘ఉంది’ అని వేశారు, లేదా మన ఊళ్లలో అందరూ కట్టుకునే వస్తారు కదా అని ఊహించారు. ఇద్దరూ శ్రద్ధగానే చదివారు, కానీ చదవడానికి ఇద్దరికీ ఒకే రూలు లేదు.

ఇక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే మీ థీసిస్ మొత్తం దీని మీదే నిలబడుతుంది. షీటులో రాయకపోవడం వేరు, రోగికి లేకపోవడం వేరు. రాయకపోవడం అన్ని షీట్లలో సమానంగా జరగదు. కాలికి కాస్త వాపుతో నడిచి వచ్చిన రోగిని కూర్చోబెట్టి ఎప్పుడు కరిచింది, ఏం కట్టారు, నాటు మందు ఏమైనా వేశారా అని అన్నీ అడుగుతారు. రాత్రి రెండు గంటలకు కళ్లు వాలిపోయి, ఊపిరి ఆడక వచ్చిన మనిషికి ముందు ట్యూబు వేస్తారు. హిస్టరీ రెండు లైన్లతో ఆగిపోతుంది. కట్టు సంగతి అడిగే తీరిక ఎవరికీ ఉండదు. ఇప్పుడు మీరు ఖాళీలన్నీ ‘లేదు’లో కలిపేస్తే ఏమవుతుంది? కట్టు లేని గుంపులోకి విషమ స్థితిలో వచ్చినవాళ్లు వచ్చి చేరతారు. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లు, డయాలసిస్ దాకా వెళ్లినవాళ్లు, చనిపోయినవాళ్లు అక్కడ పోగవుతారు. చివరికి మీ పట్టిక ‘కట్టు కట్టుకున్నవాళ్లే మెరుగ్గా ఉన్నారు’ అని చూపిస్తుంది. బిగించి కట్టవద్దని మనం ఊరూరా చెబుతున్నాం. దానికి ఎదురుగా ఒక తప్పుడు ఫలితం మీ పేరుతో అచ్చవుతుంది. రేపు ఎవరో దాన్ని పట్టుకుని చూపిస్తారు. అందుకే ఈ ఖాళీ గడి సంగతి నాకు చిన్న విషయంగా అనిపించదు.

కాబట్టి ప్రతి అంశానికీ మూడు జవాబులు పెట్టండి: ఉంది, లేదు, రాయలేదు. ‘లేదు’ అని వేయాలంటే షీటులో ఎవరో ఒకరు లేదని రాసి ఉండాలి. డాక్టరు నోట్, నర్సుల నోట్సు, రిఫరల్ చీటీ మూడూ చూడాలి, ఏ ఒక్కదాంట్లో ఉన్నా, మిగతావి దాన్ని కాదనకపోతే, ‘ఉంది’. రెండు చోట్ల ఎదురెదురుగా ఉంటే దేనికి పెద్దపీట వేయాలో ముందే రాసిపెట్టుకోవాలి. ఈ రూలు మార్చాక పాత 100 షీట్ల మీద మళ్లీ కప్పా వేయకండి, వాటి జవాబులు మీకు గుర్తుంటాయి. కొత్తగా ఇంకో 50, 60 షీట్లు మొత్తంలోంచి లాటరీ పద్ధతిలో తీసి, ఒకరికొకరు చూపించుకోకుండా చదవండి. అన్నీ ఒకే కట్టలోంచి తీయవద్దు. ఒక్కో కట్ట ఒక్కో నెలది, ఒక్కో బ్యాచ్ హౌస్ సర్జన్లది. మొదటి కప్పా, రూలు మార్పు, రెండో కప్పా మూడూ థీసిస్‌లో రాయండి. ‘రాయలేదు’ అన్నవాళ్లను మూడో గుంపుగా విడిగా చూపించి, వాళ్లలో మరణాలు, డయాలసిస్ ఎంతో పక్కన వేయండి. పైన చెప్పినట్టు వాళ్లే బరువైన కేసులైతే ఆ పట్టికలోనే కనబడిపోతుంది.

గైడ్ గారి 0.8 గురించి. లాండిస్, కాచ్ 1977లో ఇచ్చిన కొలబద్దలో 0.61 నుంచి 0.80 దాకా గణనీయం, ఆపైన దాదాపు సంపూర్ణం. ఆ గీతలు తాము ఇష్టానుసారం గీసినవేనని వాళ్లే రాసుకున్నారు. మీ గైడ్ గారి జాగ్రత్త సరైనదే, కాకపోతే అన్ని అంశాలకూ కలిపి ఒకే కప్పా చెప్పడం ఎవరికీ ఉపయోగపడదు. వయసు, లింగం, మరణం లాంటివి ఎవరు చదివినా ఒకటే వస్తాయి. వాటిని కలిపేస్తే కట్టు లాంటి అంశం బలహీనత కనబడకుండా పోతుంది. ఒక్కో అంశానికి విడిగా వేయండి. ఉంది-లేదుల ఏకీభావం కూడా పక్కనే ఇవ్వండి. కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (అసలు విలువ ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఉండవచ్చో చెప్పే హద్దులు) వదలొద్దు. 60 షీట్ల మీద కప్పా ఎంత ఊగుతుందో గైడ్ గారికీ అప్పుడే కనబడుతుంది. గంటలు, మందు వయల్స్ (సీసాలు) లాంటి సంఖ్యలకు కప్పా పనికిరాదు. వాటికి ఐసీసీ (సంఖ్యల్లో ఏకీభావాన్ని కొలిచే గుణకం), దానితోపాటు బ్లాండ్, ఆల్ట్‌మన్ 1986లో చూపిన తేడాల పటం వాడండి. ఆ పటంలో మిగతా చుక్కలకు ఎక్కడో దూరంగా కూర్చున్న చుక్క ఉంటే, అది దాదాపు ఎప్పుడూ ఒక రూలు లేని చోటే.

కాటు వేసిన సమయం అలాంటిదే. ఒకే రోగి కాగితాల్లో ఎలా ఉంటుందో చూడండి. 108 చీటీలో 23.20. క్యాజువాలిటీ నోట్‌లో ‘ఈరోజు రాత్రి 11.30’. ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసుల) రిజిస్టర్‌లో ‘సుమారు 11 గంటలకు’. అడ్మిషన్ మరుసటి తేదీ ఒంటిగంట. డ్యూటీ డాక్టరుకి ఇంకా రాత్రి అయిపోలేదు కాబట్టి ‘ఈరోజు’ అని రాశారు. కాగితం మీద మాత్రం తేదీ మారిపోయింది. ఎక్కించే మనిషి ఉన్నదున్నట్టు ఎక్కిస్తే కాటుకు ముందే ఆసుపత్రికి వచ్చినట్టవుతుంది. దాన్ని సరిచేద్దామని వెనక రోజు ఉదయం 11.30 అనుకుంటే 13 గంటలకు పైగా ఆలస్యం. అసలు ఆలస్యం గంటన్నర. పాముకాట్లలో రాత్రి వేళ జరిగేవి తక్కువేం కాదు, ముఖ్యంగా నేల మీద పడుకున్నవాళ్లను కట్లపాము కరిచేది అప్పుడే. అందుకే అర్ధరాత్రి దాటిన అడ్మిషన్లన్నీ విడిగా తీసి, ఏ కాగితం ముందు రాసిందైతే దాన్ని ప్రధానంగా తీసుకోండి. సాధారణంగా అది 108 చీటీ లేదా పీహెచ్‌సీ రిఫరల్ చీటీ అవుతుంది. ఎక్సెల్‌లో తేదీ గడిని టెక్స్ట్‌గా పెట్టి రోజు, నెల, సంవత్సరం మూడు గడుల్లో వేయండి. లేకపోతే 05-08 ఆగస్టు అయిదా, మే ఎనిమిదా అన్నది ఎక్సెల్ దాని ఇష్టం వచ్చినట్టు తేల్చేస్తుంది. ‘గంటన్నర’, ‘చాలా సేపయింది’, ‘పొద్దున’ లాంటి వాటికి కూడా ముందే రూలు ఉండాలి. నేనైతే ఆరు గంటల లోపు, ఆరు నుంచి 24, ఆపైన అని మూడు వర్గాలు పెట్టి, గంటల సంఖ్య దొరికిన చోట దాన్ని విడిగా రాయమంటాను.

ఏఎస్‌వీ (పాము విషానికి విరుగుడు మందు) వయల్స్ లెక్క ఇంతకన్నా గడ్డు. ఆర్డరులో ‘ఏఎస్‌వీ 10 స్టాట్’, అంటే 10 వయల్స్ వెంటనే ఇవ్వాలి, అని ఉంటుంది. కింద నర్సు ‘100 ఎంఎల్ ఇవ్వబడింది’ అని రాస్తారు. ఒక వయల్ కలిపితే 10 ఎంఎల్ కాబట్టి రెండూ ఒకటే. తెలియని చెయ్యి అయితే ఎక్సెల్‌లో 100 అని కొడుతుంది. ఇంకా ముఖ్యమైనది, ఆర్డరు రాయడం వేరు, మందు ఎక్కడం వేరు. మధ్యలో దద్దుర్లు, వణుకు వచ్చి ఆపేసి ఉండవచ్చు, అది డ్రగ్ చార్టులోనే దొరుకుతుంది. ఉదయగిరిలోనో ఆత్మకూరులోనో కొన్ని వయల్స్ ఇచ్చి పంపారనుకోండి, అవి కలపాలా వద్దా? నా సలహా, రెండు గడులు పెట్టండి: బయట ఇచ్చినవి, ఇక్కడ ఇచ్చినవి. ‘బయట ఇచ్చారు’ అని మాత్రమే ఉండి సంఖ్య లేకపోతే ‘ఇచ్చారు, ఎన్నో రాయలేదు’ అన్న కోడ్ వేయండి. అలాంటి చోట 10 అని ఊహించి వేయడం మన వైపు పీజీల్లో అలవాటుగా కనబడుతుంది. మొదటి మోతాదుగా 10 వయల్స్ ఇవ్వడం మామూలు కాబట్టి అలా అనిపిస్తుంది, కానీ ఆ ఊహే మీ సగటును 10 వైపు లాగేస్తుంది.

క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష) మాత్రం ల్యాబ్ కాగితం నుంచే తీసుకోండి, రౌండ్స్ నోట్‌లోంచి వద్దు. కిడ్నీ దెబ్బ అనడానికి ఏ నిర్వచనం వాడుతున్నారో ముందే తేల్చుకోండి. కేడిగో (కిడ్నీ జబ్బుల అంతర్జాతీయ మార్గదర్శకాలు) 2012 ప్రకారం క్రియాటినిన్ 48 గంటల్లో 0.3 ఎంజీ/డీఎల్ పెరగడం, లేదా వారంలో బేస్‌లైన్‌కు, అంటే జబ్బుకు ముందటి విలువకు, ఒకటిన్నర రెట్లు కావడం. పొలంలోంచి నేరుగా వచ్చిన రైతుకి బేస్‌లైన్ ఎక్కడ ఉంటుంది? కాబట్టి అడ్మిషన్ విలువ, అత్యధిక విలువ, డిశ్చార్జి విలువ మూడూ తేదీలతో తీయండి.

ఇప్పుడు మీ చివరి ప్రశ్న, కేస్ షీట్లను నమ్మొచ్చా అన్నది. ఇద్దరు చదివితే ఒకటే రావడం ఒక సంగతి, కాగితం మీద ఉన్నది నిజం కావడం ఇంకొకటి. శ్వాస రేటు గడి తీసుకోండి. వార్డులో సగం షీట్లలో 18, మిగతా సగంలో 20 ఉంటుంది. ఇద్దరూ ఉన్న అంకెనే చదివితే ఏకీభావం నూటికి నూరు. నిమిషం పాటు ఎవరైనా లెక్కపెట్టారా అన్నది ఆ ఏకీభావం చెప్పదు. కట్లపాము కాటులో ఊపిరి కండరాలు పడిపోవడాన్ని ఆ గడితో కొలవాలనుకుంటే మీరు కొలిచేది కాగితాన్ని మాత్రమే. బీపీలో చివరి అంకె సున్నా, వయసులో చివరి అంకె సున్నా లేదా అయిదు ఎన్ని వచ్చాయో లెక్కపెట్టండి, అంకెలను ఎంతగా రౌండ్ చేసి రాశారో తెలిసిపోతుంది. 20 నిమిషాల రక్తం గడ్డ పరీక్షకూ ఇదే బాధ. శుభ్రమైన పొడి గాజు గొట్టంలో కదపకుండా ఉంచి చూడాలి. ప్లాస్టిక్ గొట్టమైనా, డిటర్జెంట్‌తో కడిగిన గొట్టమైనా మామూలు రక్తం కూడా గడ్డకట్టనట్టు చూపించవచ్చు. షీటులో ‘గడ్డకట్టలేదు’ అని మాత్రమే ఉంటుంది, ఏ గొట్టమో ఉండదు. అందుకే నేను ఇలా చెబుతాను: మరణం, డయాలసిస్, వెంటిలేటర్, ల్యాబ్ విలువలు, డ్రగ్ చార్టులో సంతకంతో ఉన్న మందు, వీటిని నమ్మి రాయండి. పాము రకం, కాటు సమయం, కట్టు, నాటు వైద్యం, వీటిని ‘షీటులో నమోదైన మేరకు’ అన్న మాటతో రాయండి. శ్వాస రేటు లాంటివి వదిలేయండి. పాము రకం విషయంలో ‘రక్తపింజరి’ అని రాసి ఉంటే పామును చూసి చెప్పిందా, చంపి తెచ్చారా, లక్షణాలను బట్టి డాక్టరు వేసిన అంచనానా అన్నది ఇంకో గడి. లక్షణాలను బట్టి వేసిన పేరును తీసుకుని, ఆ పాము కాటుకు ఆ లక్షణాలు ఎక్కువ అని తేల్చడం మొదలైన చోటికే తిరిగి రావడమే.

ఇంకో రెండు సంగతులు గబగబా చెబుతాను. ఫలితం తెలిసిన కన్ను ఆలస్యాన్ని వెతుకుతుంది. రోగి చనిపోయాడని డిశ్చార్జి పేజీలో చూశాక క్యాజువాలిటీ నోట్ చదివితే ‘లేటుగా వచ్చాడు’ అన్నట్టే కనబడుతుంది. కట్టు, సమయం లాంటివి ఒకరు, మరణం, కిడ్నీ ఇంకొకరు ఎక్కించండి. అది కుదరకపోతే మొదటి పేజీల అంశాలన్నీ పూర్తయ్యేదాకా చివరి పేజీ తెరవకండి. రెండోది, పని సాగే కొద్దీ రూలు మీకు తెలియకుండానే జారుతుంది. నడుమ, చివర కూడా కొన్ని షీట్లు ఇద్దరూ చదవండి. 1996లో గిల్బర్ట్ బృందం ఎమర్జెన్సీ మెడిసిన్ పత్రికల్లోని ఇలాంటి పనులను పరిశీలించి, చదివేవాళ్లకు శిక్షణ, అంశాల నిర్వచనం, పర్యవేక్షణ, పరికల్పన తెలియకుండా చదవడం, ఇద్దరి ఏకీభావ పరీక్ష లాంటివి ఉన్నాయా అని చూసింది. చాలా పత్రాల్లో అవి రాయనే లేదు. మీ మెథడ్స్‌లో ఆ అంశాల వరసే పెట్టుకోండి, ఎగ్జామినర్ అడిగే ప్రశ్నలు అవే.

షీట్లు ఎలా వెతికారో మీరు రాయలేదు. ఐసీడీలో (జబ్బులకు కోడ్‌లిచ్చే అంతర్జాతీయ జాబితా) పాము విషానికి ఉన్న టి 63.0 కోడ్ ఒక్కటే పెట్టి తీస్తే కొన్ని తప్పిపోతాయి. ‘ఏం కరిచిందో తెలియదు’ అని చేరి తర్వాత పాముకాటుగా తేలినవి ఎక్స్ 20 (విషపాములు, బల్లులు) కింద, డబ్ల్యూ 59 (ఇతర సరీసృపాలు) కింద, లేదా కోడే లేకుండా ఉంటాయి. ‘పురుగు ముట్టింది’ అని చెబితే కీటకం కాటుగా రాసినవీ కొన్ని ఉంటాయి. ఏఎస్‌వీ ఇచ్చిన స్టాక్ రిజిస్టర్‌తో పోల్చి చూడండి. ఆ రిజిస్టర్‌లో పేరుండి మీ జాబితాలో లేనివాళ్లే మీకు తప్పిపోయినవాళ్లు.

చిరునామాలో జిల్లా అన్న గడి తీసేయండి. కందుకూరు 1970లో ఒంగోలు జిల్లా (తర్వాత ప్రకాశం అని పేరు మారింది) ఏర్పడినప్పుడు నెల్లూరు నుంచి అటు వెళ్లింది, 2022 ఏప్రిల్‌లో తిరిగి నెల్లూరులోకి వచ్చింది. అదే రోజు గూడూరు తిరుపతి జిల్లాలోకి పోయింది. మీ షీట్లు 2019 నుంచి 2023 దాకా కాబట్టి ఒకే ఊరి రోగి సగం షీట్లలో ప్రకాశం, సగం షీట్లలో నెల్లూరు అవుతాడు. మండలం రాయండి, ఊరు రాయండి. ఆ ఊరు పేరుతో పక్క మండలంలో ఇంకోటి ఉందేమో చూసుకోండి.

దొరకని 40 షీట్ల సంగతి. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డులు చికిత్స మొదలైన తేదీ నుంచి మూడేళ్లు ఉంచాలి. కాబట్టి 2019, 2020 షీట్లు కొన్ని పోయి ఉంటే ఆశ్చర్యం లేదు. అలా పాతవి పోతే అంత బాధ లేదు. కానీ చాలా ఆసుపత్రుల్లో మరణాల షీట్లు, ఎంఎల్‌సీ షీట్లు వేరే బీరువాలో ఉంటాయి, కొన్ని కోర్టుకో ఆడిట్‌కో వెళ్లి ఉంటాయి. అలా అయితే మీకు దొరకనివి బరువైన కేసులు, దొరికినవి బాగుపడి ఇంటికెళ్లినవాళ్లు. ‘దొరకలేదు’ అని ఒక్క లైనుతో వదిలేయకుండా అడ్మిషన్ రిజిస్టర్, ఎంఎల్‌సీ రిజిస్టర్, డెత్ రిజిస్టర్ పట్టుకుని ఆ 40 మంది వయసు, లింగం, అడ్మిషన్ సంవత్సరం, ఎలా వెళ్లారు అన్నంత వరకు తీయండి. డిశ్చార్జా, మరణమా, పెద్దాసుపత్రికి రిఫరలా, చెప్పకుండా వెళ్లిపోయారా అన్నది రిజిస్టర్‌లోనే ఉంటుంది. దొరికినవాళ్లతో పక్కపక్కన పట్టిక వేయండి. దీనికి మీ ఎథిక్స్ కమిటీ ఇచ్చిన అనుమతి రిజిస్టర్లకు కూడా వర్తిస్తుందో లేదో ముందు అడగండి. పాత షీట్లకు రోగి సమ్మతి మినహాయింపు ఇచ్చే వీలు ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల్లో ఉంది, కానీ అది కమిటీ ఇవ్వాలి, మీరు అనుకుంటే చాలదు. పేర్లు, ఐపీ నంబర్ల జాబితా ఒక ఫైల్‌లో, డేటా ఇంకో ఫైల్‌లో ఉంచండి.

ఎంఆర్‌డీలో (ఆసుపత్రి రికార్డుల విభాగం) ఏళ్ల తరబడి పనిచేస్తున్న క్లర్కు గారు ఎవరైనా ఉంటే వెళ్లి మర్యాదగా కూర్చుని అడగండి. ఏ బీరువాలో ఏముందో, ఏ సంవత్సరం కట్టలు ఎప్పుడు తీసేశారో, మరణాల షీట్లు ఎవరి దగ్గర సంతకం పెట్టి తీసుకోవాలో వాళ్లకు తెలిసినట్టు మనకెవరికీ తెలియదు. ఆ 40లో కొన్ని అక్కడే బయటపడతాయి.